రెండు వైపులా ఎత్తు

ఫిబ్రవరి 10, సోమవారం

రంగుల కంపెనీ వాళ్ళు ఏటా ఇచ్చే డైరీలో ఏ గోడకు ఏ రంగు కలిపానో తప్ప నేను ఇంకేమీ రాసి ఎరగను. బ్రష్షు పక్కన పెట్టేశాక అదీ లేదు. ఈ రోజు మాత్రం రాయకపోతే గుండె పగిలిపోయేట్టుంది. ఎవరూ చదవరు కాబట్టి తప్పులొచ్చినా ఫరవాలేదు.

మా అమ్మడికి ప్యాసింజర్ బండి ఇచ్చారు.

మళ్ళీ రాస్తాను. మా అమ్మడికి ప్యాసింజర్ బండి ఇచ్చారు. లేకలేక పుట్టిన పిల్ల. నిన్నటి దాకా యార్డులో ఖాళీ పెట్టెలను అటూ ఇటూ మార్చే ఇంజనులో సహాయకురాలు. రేపటి నుంచి మనుషులను ఎక్కించుకుని తనే నడుపుతుంది. నిచ్చెన మీద బతికినవాడి కూతురు ఇంజను మీద.

ఈ రోజే ఫలితం చెప్తారని తెలిసి పొద్దుటే మిఠాయి డబ్బా తెచ్చి పెట్టాను. మధ్యాహ్నానికి ఆగలేక సగం వీధికి చెప్పేశాను. ఇంకా రానిదే ఏమిటీ సంబరం అని మా ఆవిడ మూతి ముడిచింది. రాకుండా ఎక్కడికి పోతుంది? అమ్మడు సాయంత్రం వచ్చి, బూట్లు కూడా విప్పకుండా, సంచీ ఒళ్ళో పెట్టుకుని మెట్టు మీద కూర్చుంది. నేను డబ్బా మూత తీసి ఎదురుగా నిలబడ్డాను.

"వచ్చిందా అమ్మడూ?"

నా ముఖం చూసింది. డబ్బా చూసింది. గేటు దగ్గర చేరిన వీధి వాళ్ళను చూసింది.

"వచ్చింది నాన్నా" అంది.

ఆనందం ఎక్కువైతే పిల్లకు మాట రాదు. నాకు ఎక్కువైతే ఆగదు. అంతే తేడా.

ఫిబ్రవరి 11

మిఠాయి చాల్లేదు. మళ్ళీ తెచ్చాను.

ఫిబ్రవరి 16, ఆదివారం

నన్ను ఒకసారి నీ బండి ఎక్కించుకో, నువ్వు రోజూ పోయే లైను నా కళ్ళతో చూడాలి అని అమ్మడిని అడిగాను. కొత్తగా చేరినదాన్ని, ఇంటివాళ్ళను వెంటేసుకొస్తే మాట పడాలి నాన్నా, కొన్నాళ్ళు ఆగు అంది. అదీ నిజమే. పెద్ద ఉద్యోగం, పద్ధతిగా ఉండాలి.

అయితే నాకు ఊరుకునే గుణం లేదు. మేడ మీద గదిలో ఒక పాత తలుపు ఉంది. ఎప్పుడో ఒక ఇంటికి రంగులు వేసినప్పుడు వాళ్ళు పారేయబోతే తెచ్చుకున్నాను. గట్టి చెక్క. దాన్ని దించి నా రంగుల బల్లలు రెండింటి మీద ముందు గదిలో పడుకోబెట్టాను. బొమ్మల షాపుకు వెళ్ళి కరెంటుతో నడిచే చిన్న రైలు, పట్టాలు, స్పీడు పెంచి తగ్గించే పెట్టె కొన్నాను. ఈ వయసులో నీకెందుకయ్యా అన్నట్టు చూశాడు షాపాయన. మనవడికా అని అడిగాడు. కాదు, మా అమ్మాయి లైను అన్నాను. అతనికి అర్థం కాలేదు. కాకపోతే పోయింది.

సాయంత్రం అమ్మడికి చూపించాను. నువ్వు రోజూ వచ్చి ఆ లైను మీద ఏం చూశావో చెప్పు, నేను ఈ తలుపు మీద కడతాను, నీ లైను మన ఇంట్లో నడుస్తుంది అన్నాను. వంటింట్లో మా ఆవిడ చేతిలోంచి గిన్నె జారి పడింది.

ఫిబ్రవరి 20

అమ్మడు చెప్పింది. మూడు స్టేషన్లు. మొదటిది మనది. రెండోది నది పక్కన, వంతెన దాటగానే. మూడోది చివరి స్టేషను, బండి అక్కడే తిరుగుతుంది.

పట్టాలు పరిచి, కింద గీత గీసుకున్నాను. వంతెనకు ఐస్‌క్రీం పుల్లలు. నదికి నా దగ్గర మిగిలిన వార్నీషు. కింద నీలం, దానిలో చిటికెడు ఆకుపచ్చ, దాని మీద వార్నీషు మూడు పూతలు. తడి ఆరాక చూస్తే నిజంగా నీళ్ళే. ముంచిన వేలు తడవలేదేమా అనిపించింది.

మార్చి 2, ఆదివారం

గడియారం వచ్చాడు. సందు చివర వాచీలు బాగుచేసే మా వాడే, అందరం గడియారం అనే అంటాం, వాళ్ళావిడతో సహా. రైలు మోటారు విప్పి దుమ్ము దులిపి, పట్టాల కింద వైర్లు కలిపి ఇచ్చాడు. నేను రంగు, అతను కరెంటు. ఇద్దరం కలిసి తలుపు మీద దేవుళ్ళలా వంగి నిలబడ్డాం.

అతని చేతిలో గొడుగు, దాని పిడికి పసుపు చీటీ కట్టి ఉంది. కొత్త గొడుగని అందరికీ తెలియాలా, చీటీ విప్పవేం అని ఏడిపించాను. ప్రతిదానికీ పళ్ళు బయటపెట్టేవాడు ఈసారి నవ్వలేదు. నీ కూతురు బాగుందా అని మాత్రం అడిగాడు. బాగుండటం ఏమిటి, గాల్లో తేలుతోంది అన్నాను.

మార్చి 9

గడ్డి అయింది. రంపపు పొట్టు తెచ్చి మూడు రకాల ఆకుపచ్చలో నానబెట్టి, పేపరు మీద ఎండబెట్టి, జిగురు మీద చల్లాను. ఒకే పచ్చ వేస్తే బొమ్మలా ఉంటుంది. ఎండకు మాడిన చోట కొంచెం పసుపు, నది ఒడ్డున ముదురు. వాడేసిన టీ పొడి కడిగి ఆరబెడితే మట్టి దారి. మా ఆవిడ టీ పొడి డబ్బాకు తాళం వేస్తానంది. చెట్లకు స్పాంజి ముక్కలు, రాగి తీగ.

మనుషులకు లప్పం. గోడల బొక్కలు పూడ్చే లప్పమే, కాస్త గట్టిగా కలిపి, అగ్గిపుల్ల చివర పెట్టి సూదితో చెక్కాలి. మొదటి మనిషి అమ్మడే. నీలం చొక్కా, నల్ల జడ, వేలి గోరంత ఉంది. ఇంజను కిటికీలో కూర్చోబెట్టాను. అమ్మడు తీసి కళ్ళకు బాగా దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది. ముక్కు బాగా రాలేదేమో అనుకున్నాను. బాగుంది నాన్నా అని మళ్ళీ కిటికీలో పెట్టేసింది.

మార్చి 14

రోజూ సాయంత్రం ఇదే నా పండుగ. అమ్మడు బూట్లు విప్పుతుంది, నేను స్టూలు జరుపుకుంటాను, ఈ రోజు ఏం చూశావు అని అడుగుతాను.

నది స్టేషనులో కొళాయి పక్కన ఒక పెద్దాయన చేతికర్ర ఆనించి నీళ్ళు తాగి, కర్ర వదిలేసి బండి ఎక్కాడట. ఆ పెద్దాయనను చేశాను, కర్రనూ చేశాను, వేరువేరుగా. మూడో పెట్టెలో ఒకావిడ ఉన్ని సంచీ మర్చిపోయిందట. నీలం ఉన్ని, సగం అల్లిన చంటిపిల్ల స్వెట్టరు, సూదులు దానికే గుచ్చి ఉన్నాయట. వంతెన దాటాక ఎడమ చేతి వైపు ఇటుక బట్టీ, దాని పొగగొట్టం మీద కొంగ.

ఇంజనులో ముందు కూర్చున్న పిల్లకు మూడో పెట్టెలో సంచీలోని సూదుల సంగతి కూడా తెలుసంటే చూడండి, ఎంత శ్రద్ధ. బండి నడిపేవాళ్ళు చాలామంది ఉంటారు. వెనక కూర్చున్న మనుషులను ఇంత పట్టించుకునేవాళ్ళు ఎవరుంటారు?

మార్చి 19

వెళ్ళేటప్పుడు నది స్టేషను దాటాక ఎత్తట. ఎవరిదో తగరపు డబ్బా దొర్లుకుంటూ వెనక బెంచీ కిందికి పోయిందట. ఎత్తుకు అట్టముక్కలు పేర్చి, పాత పేపర్లు జిగురులో తడిపి అంటించాను.

మార్చి 27

ఈ రోజు ఇంకో మాట. వచ్చేటప్పుడు కూడా అక్కడ ఎత్తేనట. ఒక పిల్లవాడి బంతి దొర్లి చివరి దాకా పోయిందట.

వెళ్ళేటప్పుడు ఎత్తయితే వచ్చేటప్పుడు దిగుడు కదమ్మా అన్నాను. అమ్మడు ఆలోచించింది. ఏమో నాన్నా, బాగా పట్టి చూడలేదు అంది. పిచ్చిపిల్ల, అలిసిపోయి ఉంటుంది.

మార్చి 28

పొద్దున్న పళ్ళు తోముకుంటుంటే తట్టింది. మధ్యలో గుట్ట ఉంటే ఎటు నుంచి వచ్చినా ఎత్తే. ఇంత చిన్న విషయం. నోటి నురగతోనే పరిగెత్తి అమ్మడిని అడిగాను. మధ్యలో గుట్ట, అవునా? ఆ, అదే నాన్నా అంది. చదివినవాళ్ళకు తట్టనిది నాకు తట్టింది. ఏడో తరగతి ఊరికే పోలేదు.

ఏప్రిల్ 6, ఆదివారం

గుట్ట అందంగా వచ్చింది. కింద ఎర్రమట్టి, పైకి పోయేకొద్దీ బూడిద రంగు రాయి, నెత్తిన నాలుగు ముళ్ళపొదలు. ఒక్కటే ఇబ్బంది. రైలు ఎక్కదు. సగం దాకా వచ్చి చక్రాలు తిరుగుతుంటాయి, బండి మాత్రం ఉన్నచోటే ఉంటుంది. స్పీడు పెంచితే కంపు కొడుతుంది.

గడియారం నడుం మీద చేతులు పెట్టుకుని, నిజం లైను మీద ఇట్లాంటి మూపు ఎక్కడైనా ఉంటుందా పెయింటరూ అన్నాడు. రోజూ నడిపే పిల్ల చెప్తుంటే నీ గోలేమిటి అన్నాను. అతను మా ఆవిడ వైపు చూశాడు. మా ఆవిడ నేల వైపు చూసింది. టీ తాగకుండానే వెళ్ళిపోయాడు. కోపమొచ్చినట్టుంది.

ఏప్రిల్ 20, ఆదివారం

వెనక గోడకు ఆకాశం వేశాను. తెల్లవారుజాము ఆకాశం, ఎందుకంటే అమ్మడి బండి మొదటి బండి.

వీధి మొత్తానికీ చెప్పేశాను. మే ఇరవై ఐదు, ఆదివారం, అందరూ మా ఇంటికి రండి, అమ్మడు తన లైను తనే నడిపి చూపిస్తుంది. ముందు నాతో ఒక మాట చెప్పి ఉండాల్సింది నాన్నా అంది అమ్మడు. చెబితే వద్దంటావుగా అన్నాను. సిగ్గరి.

గుట్ట ఒక్కటి కుదరాలి. ఎంత ఎత్తో, ఎక్కడ మొదలో, నేనే వెళ్ళి చూసి రావాలి. చెప్పకుండా వెళ్తాను. చివరి స్టేషనులో ఇంజను దగ్గర నిలబడి, "టికెట్టు చూపించండి" అంటాను. ముఖం ఎట్లా పెడుతుందో చూడాలి.

ఏప్రిల్ 24, గురువారం

వెళ్ళాను.

ఏప్రిల్ 26

రాయాలి. రాయకపోతే నాకే నమ్మకం ఉండదు.

గురువారం అమ్మడు హడావుడిలో అన్నం క్యారేజీ మర్చిపోయి వెళ్ళింది. ఇంకేం, మంచి సాకు దొరికింది. ఆ క్యారేజీ మూత మీద నేనే ఎర్రరంగుతో 'అమ్మడు' అని రాసి, పక్కన చిన్న ఇంజను బొమ్మ వేశాను. ఒళ్ళో పెట్టుకుని మొదటి పెట్టెలో కిటికీ పక్కన కూర్చున్నాను. బండి కదిలినప్పుడు పక్కాయనకు చెప్పాను, నడిపేది మా అమ్మాయే అని. ఆయన నాకు చోటు వదిలి జరిగి కూర్చున్నాడు. అంత గౌరవం.

నది వచ్చింది. స్టేషను, కొళాయి, అన్నీ ఉన్నాయి. ఇటుక బట్టీ కుడి వైపున ఉంది. ఎడమ వైపు కాదు. నేను లేచి ఎదురు బెంచీ మీద, వెనక్కి తిరిగి కూర్చుని చూశాను. అప్పుడు ఎడమ వైపే. ఇంజను నడిపేవాళ్ళు వెనక్కి తిరిగి కూర్చోరు.

గుట్ట కోసం చూశాను. తల బయటపెట్టి చూశాను. లేదు. ఎత్తు లేదు, దిగుడు లేదు. పొలాలు, కాలువ, కరెంటు స్తంభాలు, చాప పరిచినట్టు చదును. చివరి స్టేషను వచ్చే దాకా చదునే.

దిగి ఇంజను దగ్గరికి వెళ్ళాను. లావుపాటి మనిషి దిగాడు, నెరిసిన మీసం. ఈ రోజు అమ్మాయి రాలేదా అని అడిగాను. ఏ అమ్మాయి అన్నాడు. పేరు చెప్పాను.

"ఆవిడా? ఆవిడ ఈ లైనుకు ఎప్పుడొచ్చిందండీ? కళ్ళ పరీక్షలో ఆగిపోయింది పాపం, దూరం దీపం రెండుగా కనపడుతోందట. మర్చిపోయిన సామాన్ల గదిలో వేశారు. మీరెవరు?"

"తెలిసినవాణ్ణి" అన్నాను.

అదే బండిలో తిరిగి వచ్చాను. ఎటు వైపు కూర్చున్నానో గుర్తులేదు. ఇంటికి వచ్చాక చూస్తే చేతిలో క్యారేజీ లేదు.

ఏప్రిల్ 27, ఆదివారం

బల్ల మీద దుప్పటి కప్పాను. రంగు ఆరుతోంది, దుమ్ము పడుతుంది అని చెప్పాను. నాకూ అబద్ధం వచ్చు.

ఏప్రిల్ 29

ఫిబ్రవరి నుంచి ప్రతి రోజూ నీలం చొక్కా వేసుకుని, జెండాలు, టార్చి లైటు సంచీలో పెట్టుకుని వెళ్తోంది. సంచీ నేనే అందించేవాణ్ణి. టార్చి బ్యాటరీలు నేనే మార్చేవాణ్ణి. ఏ చీకట్లో వేస్తోందమ్మా ఆ టార్చి, అల్మారా వెనకా?

చెవిలో పువ్వు పెట్టారంటారే, నా చెవిలో తోటే పెట్టారు. దానికి నీళ్ళు కూడా నేనే పోశాను.

మే 3

చెప్పను. తెలుసని చెప్పను. ఎంత దూరం పోతుందో చూస్తాను.

ఈ సాయంత్రం అడిగాను. ఎన్ని పెట్టెలమ్మా ఈ రోజు? ఎనిమిది నాన్నా. కూత ఎక్కడ వేశావు? వంతెన ముందు. గుట్ట ఎక్కిందా? నా కళ్ళలోకి చూస్తూనే చెప్పింది, ఎక్కింది నాన్నా అని. ఎంత గుండె ధైర్యం. ఇదే పిల్ల చిన్నప్పుడు పెన్సిలు పోయిందని చెప్పడానికి తలుపు వెనక దాక్కునేది.

మే 8

ఎదురుగా బండి వస్తే ఏం చేస్తావు, పట్టాల మీద పశువు పడుకుంటే ఏం చేస్తావు, ఒంటరిగా భయం వెయ్యదా. అన్నీ అడుగుతున్నాను. అన్నింటికీ నెమ్మదిగా జవాబు చెప్తోంది. అన్నం సగంలో లేస్తోంది. లేవనీ.

ఇది రాసి నాకే బాగా లేదు. కొట్టేయడం లేదు. ఉండనీ.

మే 13

మా ఆవిడ మళ్ళీ క్యారేజీ ఏదని అడిగింది. మళ్ళీ పోయిందన్నాను.

మే 22, గురువారం

ఈ రోజు బద్దలైపోయింది.

ఎల్లుండి దాటితే ఆదివారం, వచ్చేవాళ్ళు కూర్చోవడానికి బెంచీ అడిగి తేనా అని మా ఆవిడ అడిగింది. ఎవరి కోసం తెస్తావు బెంచీ, సామాన్ల గదిలో పనిచేసే డ్రైవరు కోసమా అన్నాను. చేతిలో చీపురు అట్లాగే పట్టుకుని నిలబడింది. ఆశ్చర్యపోలేదు. అది చూసి నాకు ఇంకా మండింది. ఎప్పటి నుంచి తెలుసు అని అడిగాను.

"మొదటి రోజు నుంచీ తెలుసు."

ముప్పై ఏళ్ళకు పైగా ఒక కంచం పక్కన ఒక కంచం పెట్టుకుని తిన్న మనిషి. నేను లప్పంతో ఇంజనులో కూతుర్ని చేస్తుంటే పక్కన నిలబడి చూసింది. ఒక్క మాట చెప్పడానికి నోరు రాలేదా అన్నాను.

"చెప్పనిచ్చారా? ఆ పిల్ల బూట్లు విప్పకముందే మీరు డబ్బా మూత తీశారు. రాలేదు అని చెప్పడానికి రోడ్డు మీద నుంచి మాటలు కూర్చుకుంటూ వచ్చిందట. గేటు నిండా జనం. నేను మర్నాడు చెబుతానన్నాను, మీరు మర్నాడు రెండో డబ్బా తెచ్చారు. ఆ తరవాత తలుపు దించారు."

అంటే తప్పు నాదే. నా సంతోషానిది. బాగుంది. సంతోషపడే మనిషికి నిజం చెప్పకూడదని ఎవరు చెప్పారు వీళ్ళకు? నేనేమైనా గాజు గ్లాసునా?

గొంతు లేచింది. ఆవిడదీ లేచింది. చివరికి చీపురు మూల పడేసి, క్యారేజీ పోయింది పోయింది అంటున్నారుగా, రైల్లో పోయినవన్నీ ఎక్కడికి చేరతాయో మీకిప్పుడు తెలుసుగా, వెళ్ళి తెచ్చుకోండి అంది.

మే 23, శుక్రవారం

వెళ్ళాను. స్టేషను వెనక వైపు, సైకిళ్ళ షెడ్డు దాటాక చిన్న గది. కిటికీకి కమ్మీలు. నా ముందు ఒకాయన, కళ్ళజోడు పెట్టె పోయిందట. పక్కగా నిలబడి విన్నాను.

ఏ బండి అండీ అని అడిగింది అమ్మడు, తల ఎత్తకుండా. ఎటు వైపు కూర్చున్నారు? కిటికీలోంచి ఏం కనపడింది? ఎక్కడ దాకా చేతిలో ఉన్నట్టు గుర్తు? ఆయన చెప్తున్నాడు. నది దాటాక బట్టీ పొగ కళ్ళలో పడి కళ్ళజోడు తుడుచుకున్నాను, దాని ముందు ఒక పిల్ల మేక బండితో పాటు పరిగెత్తింది, ఆ పక్కన... అమ్మడు ఆపలేదు. సామాను ఆయనదో కాదో తెలియడానికి అంత అవసరం లేదు. అయినా ఆపలేదు. మేక ఏ రంగు అని అడిగింది.

నా తలుపు మీద ఉన్న ప్రతి మనిషీ, ప్రతి కర్రా, ఉన్ని సంచీ, కొంగ, అన్నీ ఆ కిటికీలోంచి వచ్చినవే. వెనక అరల నిండా గొడుగులు, సంచీలు, చెప్పులు, డబ్బాలు. ఒక్కోదానికి ఒక్కో పసుపు చీటీ.

నా వంతు వచ్చింది.

"ఏం పోగొట్టుకున్నారండీ?" అని తల ఎత్తింది.

చూసింది. కలం కింద పెట్టింది. మళ్ళీ తీసుకుంది.

"ఏ బండి?"

"నువ్వు నడపని బండి."

"ఎటు వైపు కూర్చున్నారు?" నన్ను చూశాక కూడా మీరు అనే అంది.

"కుడి వైపు. ఇటుక బట్టీ కుడి వైపున ఉందమ్మా. నీకు చెప్పినవాడెవడో వెనక్కి తిరిగి కూర్చున్నాడు. గుట్టా లేదు. గ్లాసు నిండా నీళ్ళు పెట్టినా తొణకవు."

"బండి కదిలేటప్పుడు దొర్లి ఉంటాయి డబ్బాలు" అంది, తనలో తను లెక్క సరిచూసుకుంటున్నట్టు. "వాళ్ళు ఎత్తనుకున్నారు. నేనూ అట్లాగే చెప్పాను."

"ఒక్కసారి ఎక్కి చూసుంటే తెలిసేది కదా."

"ఎక్కలేకపోయాను నాన్నా."

నా వెనక ఎవరో దగ్గారు. అమ్మడు లేచి, పై అర మీద నుంచి క్యారేజీ తెచ్చింది. కడిగి, తుడిచి, పిడికి పసుపు చీటీ కట్టి ఉంది. ఎప్పుడు వచ్చిందని అడిగాను. అదే రోజు సాయంత్రం అంది. అంటే నేను ఆ బండి ఎక్కానని నేను ఇంటికి చేరేసరికే తనకు తెలుసు. నెల రోజులుగా నేను అడిగిన ప్రతి ప్రశ్నా ఎందుకు అడుగుతున్నానో తెలుసు.

"తెలిసీ జవాబులు చెప్పావా?"

"నువ్వు అడిగావు కదా."

మరి క్యారేజీ ఇంటికెందుకు తేలేదు, నీ పేరే ఉంది కదా దాని మీద అన్నాను.

"పేరు నాది. పోగొట్టుకున్నది నువ్వు. నువ్వే రావాలి."

తీసుకున్నాను. ఆదివారం నేనే అందరికీ చెప్తాను నాన్నా అంది. దారి పొడుగునా ఖాళీ క్యారేజీ గిన్నెలు ఒకదానికొకటి కొట్టుకుంటూనే ఉన్నాయి.

మే 24

కోపం పోలేదు. పోయిందని రాసుకుంటే పోతుందేమోనని కలం పట్టుకున్నాను. పోలేదు.

మే 25, ఆదివారం

అందరూ వచ్చారు. బెంచీ చాల్లేదు. నేను దుప్పటి తీశాను. వెలుతురు పడి నది మెరిసింది, అందరూ ఆ అన్నారు. ఇంకో రోజయితే ఆ ఒక్క ఆ కోసం నేను వీధి మొత్తాన్నీ కౌగిలించుకునేవాణ్ణి.

అమ్మడు స్పీడు పెట్టె చేతిలోకి తీసుకుంది. నడపలేదు. అందరి వైపు తిరిగి చెప్పింది. కళ్ళ పరీక్షలో ఆగిపోయాను, బండి రాలేదు, సామాన్ల గదిలో పని, నాన్నకు అబద్ధం చెప్పాను, ఈ లైను మీద నేను ఏనాడూ పోలేదు. ఏడవలేదు. స్టేషనులో బండి వచ్చే వేళలు చెప్పేవాళ్ళలా స్పష్టంగా చెప్పింది.

నేను అందరి ముఖాలూ చూశాను. ఇప్పుడు నోళ్ళు తెరుచుకుంటాయి, ఇప్పుడు నా వైపు జాలిగా తిరుగుతాయి అని చూశాను.

ఒక్కరూ ఆశ్చర్యపోలేదు.

పాలాయన చూపు దించుకున్నాడు. ఎదురింటావిడ కొంగు సర్దుకుంది. గడియారం గుమ్మం పక్కన నిలబడి ఉన్నాడు, చేతిలో గొడుగు. పిడి వైపు చూశాను. పసుపు చీటీ. మార్చిలో నేను ఎగతాళి చేసిన చీటీ, కొస చిరిగి ఇంకా అక్కడే ఉంది.

"నువ్వూనా?" అన్నాను.

"బండిలో మర్చిపోయాను పెయింటరూ. తెచ్చుకోవడానికి వెళ్తే కిటికీలో మన అమ్మడు" అన్నాడు. "నాకే కాదు, ఇంకా ఇద్దరు ముగ్గురికి అట్లాగే తెలిసింది. చెప్పాలనే వచ్చాను ఆ రోజు. నువ్వు ఈ మధ్య వీధిలో నడుస్తున్న నడక చూశాక ఎవడికి నోరొస్తుంది?"

అంటే వీధి వీధంతా. మిఠాయి తిన్న ప్రతి నోరూ. నా ముందు నుంచి నవ్వుతూ పోయి, సందు తిరిగాక, పాపం అనుకున్న ప్రతివాడూ. ద్వేషంతో చేసి ఉంటే తిట్టి తలుపేసుకునేవాణ్ణి. వీళ్ళందరూ మంచికే చేశారట. దీన్ని ఎవరి మీద విసరను?

పిల్లలు మాత్రం బల్ల అంచు పట్టుకుని, రైలు ఎప్పుడు కదులుతుంది అంటున్నారు. అమ్మడు నా వైపు చూసింది. నడపమన్నట్టు తల ఊపాను. వాళ్ళేం పాపం చేశారు?

బండి కదిలింది. వంతెన దాటింది. కర్ర మర్చిపోయిన పెద్దాయన ముందు నుంచి పోయింది. ఎడమ వైపు బట్టీ దాటింది. గుట్ట సగం ఎక్కి ఆగిపోయింది, చక్రాలు అక్కడే తిరుగుతున్నాయి. రేపు ఆ గుట్ట తీసేద్దాం నాన్నా, అక్కడ ఏమీ లేదన్నావుగా అంది అమ్మడు మెల్లగా, నాకు మాత్రమే వినపడేట్టు.

చివరి పెట్టె వెనక వేలు పెట్టి తోశాను. ఎక్కింది. అటు దిగి వెళ్ళిపోయింది. చుట్టు తిరిగి వచ్చినప్పుడల్లా పిల్లలు తోయి తాతా అని అరిచారు. తోశాను.

మే 26, సోమవారం

పొద్దున్న అమ్మడు నీలం చొక్కా లేకుండా, మామూలు చొక్కాతో వెళ్ళింది. టార్చి, జెండాలు ఇంట్లోనే వదిలింది. క్యారేజీ నేను అందించలేదు. మా ఆవిడ అందించింది.

గుట్ట తీయలేదు. అంత బాగా వచ్చిన రాయి రంగు మళ్ళీ కలపలేను.

ఇంజను కిటికీలోంచి లప్పం బొమ్మను మాత్రం తీశాను. అక్కడ ఉండటానికి లేదు. కొళాయి దగ్గర పెట్టి చూశాను, స్టేషను బెంచీ మీద పెట్టి చూశాను, వంతెన మీద పెట్టి చూశాను. ఎక్కడా నచ్చలేదు. పారేయబోయి, జడ అంత సన్నగా ఎట్లా చెక్కానా అని కాసేపు చూశాను.

ఇంకా ఎక్కడా పెట్టలేదు. చొక్కా జేబులో ఉంది.